చూపు నిలబడిన చోటు

ఒక్క మాట. అది ఆమె నోట్లో తయారుగానే ఉంది, నాలుక కింద పెట్టుకున్న లవంగంలాగా, కొరికితే చాలు. మా పొరపాటే అనాలి, అంతే. అనేస్తే సైటు మేనేజరు మొహం విచ్చుకుంటుంది, గేటు బయట ఎండలో నిలబడ్డ లారీ అద్దాలతో సహా వెనక్కి తిరుగుతుంది, ఆసుపత్రి మెట్ల పక్కన పని లేక నిలబడ్డ క్రేను ఇంకో పనికి పోతుంది, అద్దాల కొట్టావిడ పెద్దమనిషి, పేచీకోరు కాదు అని నలుగురూ చెప్పుకుంటారు. భోజనం చేసి వచ్చేలోపు తేల్చమన్నాడు మేనేజరు. "మీ అద్దాలకి రంధ్రాలు జానాబెత్తెడు కిందకి పడ్డాయమ్మా. మెట్లెక్కేవాళ్ళు పట్టుకునే పైపు అక్కడ బిగిస్తే ఎవరి చెయ్యి అందుతుంది? మోకాళ్ళతో పట్టుకుని ఎక్కాలా జనం? మా పొరపాటని ఒక్క మాట అనండి, కొత్తవి చేయించుకురండి, గొడవుండదు" అని, గొడవ లేకపోవడం ఎంత సుఖమో తనకే తెలిసినట్టు నవ్వి, క్యారేజీ పట్టుకుని వెళ్ళాడు. సుఖమే మరి. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆమె నేర్చుకున్నదీ అదే: పెద్ద ఖాతాదారు ముందు చిన్న తప్పు చటుక్కున ఒప్పుకో, పెద్ద పని నీ చేతిలోంచి జారదు. తప్పు నీదా కాదా అన్నది ఆ తర్వాతి సంగతి, ఒక్కోసారి అసలు సంగతే కాదు. తక్కెడలో ఈ పక్కన అన్నీ ఉన్నాయి, బరువుగా, సుబ్బరంగా. ఆ పక్కన ఒక్కటే ఉంది. అది ఇటు వీపు పెట్టి కూర్చుంది.

కోడలి వీపు. ఎప్పుడూ నిటారుగా కూర్చునే పిల్ల కాదు, కొట్లో కౌంటరు మీద ఒరిగిపోయి కూర్చుంటుంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇవాళ మాత్రం సైటు ఆఫీసు రేకుల గదిలో, ఆ ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరో దారం కట్టి పైకి లాగినట్టు కూర్చుంది. వ్యాన్లో వస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది, సైటు గేటు కనపడ్డాక మాత్రం ఇటు తిరిగి, "మీరు ఒప్పుకుంటే ఒప్పుకోండి అత్తయ్యా. కొట్టు మీది, నోరు మీది. ఒప్పుకున్నాక రేపట్నుంచి కౌంటర్లో మీరే కూర్చోండి. ఆ కొలత నేను నా కళ్ళతో చూసి, గుర్తు పెట్టించి మరీ ఫ్యాక్టరీకి పంపాను" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది, అరుపుకి అరుపు బదులిచ్చి చెల్లు వేసుకోవచ్చు. మెల్లగా అన్న మాటకి చెల్లుబాటు ఎక్కడ? అప్పట్నుంచి ఆ పిల్ల అత్తగారితో మాట్లాడలేదు, మాట్లాడాల్సినవన్నీ కంప్యూటర్లో బిల్డింగు బొమ్మ చూపించే ఆ మోడలాయనతోనే మాట్లాడుతోంది, సార్ ఇక్కడ చూడండి, సార్ అది కాదు. ఆయనకి మెడకి పట్టీ ఉంది. తల తిప్పలేడు, ఏది చూడాలన్నా కుర్చీతో సహా మనిషి మొత్తం తిరగాలి. పాపం, రోజంతా బిల్డింగుని అన్ని వైపుల నుంచీ తిప్పి చూడటమే ఆయన ఉద్యోగం, తన మెడ మాత్రం ఒక్కవైపే. ఆమెకి నవ్వొచ్చింది, ఎవరూ చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. ఇలాంటప్పుడే వస్తుంది పాడు నవ్వు.

మామూలు అద్దాలైతే పోనీలే అనుకోవచ్చు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట, కిటికీకి కాకపోతే అల్మరాకి, చిన్నది చేసి పంపొచ్చు. ఇవి కొలిమిలో కాల్చి తీసిన టఫెన్ అద్దాలు, మనిషి మీద పడ్డా కోసుకోకుండా ఉండాలని ఆసుపత్రులకీ బళ్ళకీ వేసేవి. వీటిని కోయడమైనా, రంధ్రం వేయడమైనా కాలకముందే. కాలి వచ్చాక డ్రిల్లు అంచు ఆనితే చాలు, పలక మొత్తం ఉప్పురాళ్ళలా జలజలా నేల మీద పోసుకుంటుంది. పైపుల వాళ్ళకేం, ఇనుము, ఇక్కడ కాకపోతే అక్కడ వెల్డింగు కొట్టుకుంటారు. చెక్క పనివాడికీ మేకు పీకి మళ్ళీ కొట్టుకునే వీలుంది. తప్పు దిద్దుకోలేని సరుకు బజారు మొత్తం మీద ఇదొక్కటే. ఇంటాయన చేతికి వణుకు రాకముందు, కొట్టు వెనకాల బల్ల మీద పలక పరిచి, కటింగ్ చక్రం చేత్తో పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడేవాడు. ఏం చూస్తున్నావయ్యా, గీయి, జనం నిలబడ్డారు అంటే, "గీసేముందు ఎంతైనా ఆలోచించొచ్చే. గీశాక ఆలోచించకూడదు" అనేవాడు. తర్వాత సర్రుమని ఒకటే గీత. ఆ శబ్దం. పట్టు చీర చింపినట్టు ఉండేది. ఇప్పుడు ఆయన చెయ్యి టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు, సాసరు మాట్లాడుకుంటాయి, అయినా సాయంత్రాలు కొట్టుకొచ్చి సరుకు మీద వేళ్ళు ఆనించి వెళ్తాడు, దూడని నిమిరినట్టు. మాట కూడా అంతే కదా అనిపించింది ఆమెకి, ఆ రేకుల గదిలో, చెవుల దగ్గర ఏసీ మిషను గుర్రు పెడుతుంటే. మా పొరపాటే అని గీస్తే గీసినట్టే. రెండు ముక్కలవుతుంది. ఏ ముక్క ఎవరిదో మాత్రం గీశాక తెలుస్తుంది.

కోడలు కొట్లోకి రావడమే ఒక విడ్డూరం. కన్నకొడుకు రాలేదు. వాడు పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు, అద్దమంటే మొహం చూసుకునేది అన్నంతవరకే తెలుసు వాడికి. పెళ్ళైన కొత్తలో ఈ పిల్ల మధ్యాహ్నాలు తోచక కొట్టుకొచ్చి కూర్చునేది. సరే, కూర్చున్నదానివి ఆ దుమ్మన్నా దులుపు అని చేతికి గుడ్డ ఇచ్చింది తను. దులిపింది. దులుపుతూ దులుపుతూ ఏ మందం ఎంత బరువు మోస్తుందో అడిగింది, ఫ్యాక్టరీకి ఫోనులో కొలతలు చెబుతుంటే విని, "అత్తయ్యా, నోటితో చెబితే తొమ్మిది వాడికి ఆరులా వినపడితే?" అంది. అలాంటిది ఎప్పుడూ జరగలేదమ్మా అంది తను. జరిగింది, చాలాసార్లు, ఆ తప్పులన్నీ కొట్టు వెనకాల గోడకి ఆనించి ఉన్నాయి, ఈ పిల్ల దులుపుతున్నది వాటినే. చేతి గుడ్డ అలా అలా కంప్యూటరైంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఇరుగుపొరుగు కొట్లవాళ్ళు ఎకసెక్కాలాడితే, వాడిగా ఉంటే మంచిదేగా, పొడిచేది మిమ్మల్నేగా అంది తను. అలా అన్న మనిషి ఇవాళ ఇక్కడ కూర్చుని, పెద్ద ఖాతాదారు జారిపోకుండా ఉండటానికి ఆ కొమ్ములు కోసి బల్ల మీద పెడదామా అని ఆలోచిస్తోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఖాతాదారు భయం కోడలి మీద చూపించడానికి సామెత ఇంకా పుట్టలేదు.

"లోపలికి పోనిచ్చే టోకెన్ గడువు అయిపోయింది" అన్నాడు మోడలాయన తెరకేసి చూస్తూ. "మళ్ళీ తీసుకోవాలి. ఒక్క నిమిషం మేడమ్."

సంగతేమిటంటే, ఆమెకి అర్థమైనంతలో, ఇలా ఉంది. కట్టబోయే బిల్డింగుని ముందే కంప్యూటర్లో కట్టేస్తారు, దాన్ని మోడల్ అంటారు. అందులో ఎవరికివారు లోపల తిరుగుతూ, ఇదిగో ఇక్కడ నిలబడి ఇటు చూడండి, ఇక్కడ లోపముంది, లేదా ఇక్కడ ఇలా చేద్దాం అని ఆ చూపుని అక్కడే దాచిపెట్టొచ్చు. ఎక్కడ నిలబడ్డారో, ఎటు చూశారో, ఏ గోడని అడ్డం తీసి చూశారో, దాని మీద ఏం గీశారో, ఏం రాశారో, అన్నీ కలిపి ఒక చూపు. వ్యూపాయింట్ అంటారు. మెట్ల దగ్గర రంధ్రాలు ఎక్కడ రావాలో మీటింగులో తేల్చిన రోజున కోడలు అలాంటి చూపు ఒకటి దాచింది. ఆ రోజు తనూ వచ్చింది మీటింగుకి, కానీ సరిగ్గా మెట్ల సంగతి వచ్చేసరికి ఎవరో ఫోన్ చేస్తే బయటికి వెళ్ళి, మాట్లాడి, వచ్చేసరికి అందరూ లేచి కుర్చీలు సర్దుతున్నారు. ఆ తర్వాత బిల్డింగు కడుతున్న పెద్ద కంపెనీ వాళ్ళు పాత సాఫ్ట్‌వేర్ తెర మార్చి కొత్తది పెట్టుకున్నారు. కొత్త తెర మీద పాత చూపులు రాలేదు. అప్పటి ఇంజినీరు ఉద్యోగం మారాడు. ఆసుపత్రి తరఫున వచ్చిన నర్సమ్మకి వేరే చోటికి బదిలీ అయింది. మిగిలింది ఈ పిల్ల మాట ఒక్కటే. అయితే పాతవి పోలేదు, లోపల ఎక్కడో ఉన్నాయి, తెర మీదికి రావు గానీ ఏపీఐలో అడిగితే ఇస్తుంది అన్నాడు మెడపట్టీ మనిషి. ఏపీఐ అంటే ఏమిటో ఆయన చెప్పింది ఆమెకి ఎక్కలేదు, కానీ చూస్తుంటే ఎక్కింది: షోరూము మూసేశారు, గోడౌను వెనక కిటికీ తెరిచే ఉంది. కిటికీలో మనిషి కనపడడు, చెయ్యి ఒక్కటే కనపడుతుంది. చీటీ ఇస్తే సరుకిస్తుంది. బాగున్నారా అని అడిగితే పలకదు, చీటీలో ఒక్క చుక్క తేడా వచ్చినా లేదు పొమ్మంటుంది, మొహమాటం లేదు, బేరం లేదు. ఇలాంటి గుమాస్తా ఒక్కడు తన కొట్లో ఉంటేనా అనుకుంది. వెంటనే, వద్దులే, మనిషికి కాస్త మొహమాటం ఉండాలి, లేకపోతే రెండో ఖాతాదారు రాడు.

రెండు బ్రాకెట్లు వచ్చాయి. తెర మీద నల్లటి చోట రెండు కొక్కేల బ్రాకెట్లు, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఏమీ లేదు. "ఖాళీ" అన్నాడు ఆయన. అద్దం బిగించని చట్రంలా ఉన్నాయి ఆమె కంటికి. కోడలి వీపు కదల్లేదు గానీ మెడ దగ్గర చర్మం ఎర్రబడింది. ఆ పిల్లకి కోపమొచ్చినా, సిగ్గేసినా, ఏడుపొచ్చినా అక్కడే ఎర్రబడుతుంది. మూడింట్లో ఏదో తెలియక చాలాసార్లు తప్పు మందు వేసింది తను. ఇప్పుడు ఏది? ఖాళీ అంటే చూపు లేదనా, చూడలేదనా? ఏమో, ఈ పిల్ల ఇంకేదో మెట్లు చూసి, ఇదే అనుకుని ఉంటే? మనిషి పొరపడదా? తను పడలేదా, గోడకి ఆనించిన ఆ పలకలన్నీ ఎవరివి? ఒప్పుకుందాం. ఇప్పుడు ఒప్పుకుంటే పది మందిలో ఒక్కసారి తల వంచుకోవడం, తర్వాత రుజువై ఒప్పుకుంటే ప్రతిసారీ వంచుకోవడం. గుడ్డికన్నా మెల్ల నయం. నాలుక లవంగాన్ని వెతుక్కుంది. మెడపట్టీ మనిషి కుర్చీ కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పాడు, తల గోక్కోవాలంటే కూడా ఆయన చెయ్యిని తలదాకా తెచ్చుకోవాల్సిందే, తల చెయ్యి దగ్గరికి పోదు. "ఓ! నేను కొత్త మోడల్ నంబరిచ్చి అడుగుతున్నా. మీరు దాచింది పాత మోడల్ కింద కదా" అన్నాడు.

అప్పుడు వచ్చాయి. ఒకటా, రెండా, తెర మీద వరదలాగా జారుకుంటూ వచ్చాయి, ఒక్కొక్కదానికీ ఒక పేరు, దాచినవాళ్ళ పేరు, కొన్ని అంకెలు. ఆ పేర్లు చూసి ఆమెకి మళ్ళీ నవ్వు. చెక్. చెక్ కొత్తది. ఫైనల్. ఫైనల్ ఫైనల్. ఇదే ఫైనల్ నమ్మండి. వీళ్ళకన్నా తన కొట్లో సరుకు మీద సుద్దముక్కతో రాసే పేర్లే నయం. చివరికొచ్చి ఆగింది, కోడలిది లేదు. "అయిపోయాయి మేడమ్" అన్నాడు ఆయన. "అయిపోలేదు సార్. అది ఒక విడతే ఇస్తుంది. కింద చూడండి, ఇంకా ఉన్నాయని ఉంది, ఆ గుర్తు పెట్టి మళ్ళీ అడగండి" అంది కోడలు. గొంతులో ఎక్కడా తొణుకు లేదు. ఆయన అడిగాడు. కిటికీలోంచి చెయ్యి ఇంకో దొంతర పెట్టింది. మళ్ళీ అడిగాడు. మరొకటి. "పేరేం పెట్టారో చెబితే వెంటనే వెతికేస్తాను కదండీ?" "గుర్తులేదు సార్" అంది పిల్ల, గోడకి వేలాడుతున్న హెల్మెట్ల వైపు చూస్తూ. అంత గుర్తున్న పిల్లకి పేరు గుర్తులేకపోవడమేమిటి? అబద్ధమాడేటప్పుడు గోడలు చూస్తుంది ఇది, తను ఎరుగును, పుట్టినరోజుకి వాచీ కొని తెచ్చి, ఇంట్లో పాతదే దొరికింది అత్తయ్యా అన్నప్పుడు కూడా గోడ కేసే చూసింది. ఇంకొక దొంతర. మెడపట్టీ మనిషి వేలు ఆగింది. "ఇది మీదేనా? పేరు..." అని, ఆయనే కాస్త తడబడి, చదివాడు. "అత్తయ్యకి చూపించాలి."

కోడలి మెడ ఈసారి చెవులదాకా ఎర్రబడింది. చూపించాలనుకుందా? ఎప్పుడు చూపించింది? చూపించలేదే. చూపించిందా? వ్యాన్లోనా, ఆ రోజు మీటింగు అయ్యాక, ఫోను తెర ముందుకు చాపి ఏదో అంది, మెట్లు, నర్సమ్మ అని ఏదో, తను అప్పటికి ఫోన్లో మాట్లాడిన సరుకు గురించే ఆలోచిస్తూ, ఈ కంప్యూటర్ బొమ్మలు నాకెందుకే అంది. అందా? అనే ఉంటుంది. ఆ మాట తను రోజుకొకసారైనా అంటుంది, ఆ రోజు మాత్రం అనకుండా ఉండటానికి కారణమేముంది? ఆమె ఆ పేరుని తెర మీద చూసింది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, చదవడానికి కాస్త టైము పట్టింది. అత్తయ్య దగ్గర ఆగింది. ఎవరూ చూడని చోట, లోకంలో ఏ అత్తగారూ వెతకని చోట, ఈ పిల్ల తనని అలా పిలిచి పెట్టుకుంది.

ఆయన దాన్ని తెరిచాడు. తెర తెల్లబడింది. ఏమీ లేదు. మెట్లు లేవు, గోడ లేదు, అద్దం లేదు, కొత్త సున్నం కొట్టిన గోడకి మొహం ఆనించినట్టు ఒకటే తెలుపు. ఆయన మూసి, తెరిచాడు. తెలుపు. "రికార్డు పాడైనట్టుంది" అన్నాడు గొంతు తగ్గించి, రోగి తరఫువాళ్ళతో డాక్టరు అన్నట్టు. "రాసిన మాటలన్నా ఉన్నాయా సార్?" "అవి బొమ్మలోనే కదండీ ఉంటాయి, బొమ్మే రావట్లేదు." ఇంతలో తలుపు తెరుచుకుని ఎండ, దుమ్ము, మేనేజరు కలిసి లోపలికొచ్చారు. ఆయన తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ తెర కేసి చూశాడు. "ఏమ్మా, తేలిందా? ఇంకెంతసేపండీ, క్రేనుని నేను ఇంకెంతసేపు నిలబెట్టను?"

తేలింది. తెల్లగా తేలింది. నిలబడింది ఆమె. కుర్చీ కాళ్ళు కీచుమన్నాయి. లవంగం పళ్ళ మధ్యకి వచ్చేసింది, ఘాటు తెలుస్తోంది. మా. పొరపాటే. రెండు మాటలేగా. ఇంటికెళ్ళాక సర్దిచెప్పొచ్చు, ఇంట్లో మనిషి ఎక్కడికి పోతుంది, బయటివాడు పోతాడు గానీ. ఇన్నాళ్ళూ ఆ లెక్క మీదే నడిచింది, ఇంట్లోవాళ్ళు ఎక్కడికీ పోరన్న లెక్క మీద, తప్పు ఇంట్లోవాళ్ళ మీద వేసి బయటివాళ్ళకి తీసి. ఒకప్పుడు తన అత్తగారూ తన మీద అలాగే వేసింది, ఖాతాదారు ఎదుట, మా కోడలికి తెలీదులెండి, కొత్త, అని నవ్వుతూ. తను ఎక్కడికీ పోలేదు నిజమే, కానీ ఆ రోజు తర్వాత ఆ ముసలామెకి ఏ కొలతా తప్పని చెప్పలేదు, తప్పని తెలిసినా సరే, ఊరుకుంది. గోడకి ఆనించిన పలకల్లో సగం ఆ ఊరుకున్నవే. పోరు, నిజమే. ఊరుకుంటారు. ఇంట్లోవాళ్ళు చేసే పెద్ద నష్టం అదే, ఏ లెక్కలోనూ కనపడదు. ఎదురుగా తెర తెల్లగా ఉంది, రుజువు లేదు, సాక్షి లేడు, పిల్ల వీపు మాత్రం ఉంది. గీసేముందు ఎంతైనా ఆలోచించొచ్చు.

"మా కోడలు చూశానంది" అంది ఆమె. "చూసే ఉంటుంది."

"అంటే, మాది పొరపాటంటారా?"

"ఎవరిదో నాకు తెలీదు బాబూ. మా పిల్లది కాదు. అంతవరకు నా పూచీ. లారీ వెనక్కి పోదు."

అనేసింది. సర్రుమని. పెద్ద ఖాతాదారు మొహం మూసుకోవడం కళ్ళెదుటే చూసింది, అయినా విచిత్రంగా ఊపిరి తేలిగ్గా ఆడింది, నోట్లో లవంగం లేదు. కోడలు ఇటు తిరిగింది. పొద్దుట్నుంచీ మొదటిసారి మొహం కనపడింది. ఏడుపు కాదు, కోపం కాదు, ఇంకోటేదో, ఆ చెవులదాకా పాకే ఎరుపులో తను ఇంకా నేర్చుకోని రంగు. మెడపట్టీ మనిషి ఎవరివైపూ చూడట్లేదు. తెలుపుని చూస్తున్నాడు. "చూశారు సరే" అని గొణిగాడు. "ఎక్కడ నిలబడి చూశారు?" అని, అంకెల మీదికి వేలు పోనిచ్చి, ఉన్నట్టుండి మనిషి మొత్తం కుర్చీతో సహా గిర్రున ఇటు తిరిగాడు. "అయ్యో, నా మతి మండ! బిల్డింగుని జరిపాం!"

"ఏంటి జరిపేది?" అన్నాడు మేనేజరు. "బిల్డింగేమన్నా తోపుడుబండా?"

"మోడల్లో సార్, మోడల్లో! సర్వే రాళ్ళకి కలవట్లేదని మొత్తం మోడల్ని తీసుకెళ్ళి అసలు చోట కూర్చోబెట్టాం కదా, నేనే కూర్చోబెట్టాను. ఈ చూపు అంతకుముందుది. బిల్డింగు కొత్త చోటికి వెళ్ళింది, ఈ అమ్మాయి చూపు పాత చోటే నిలబడి ఉంది. ఎదురుగా ఆకాశం తప్ప ఏముంటుంది?"

అర్థమైంది ఆమెకి, ఆ గదిలో ఎవరికన్నా ముందు. కొట్టు వీధికి ఆ పక్కనుంచి ఈ పక్కకి మార్చినప్పుడు ఒక పాత మేస్త్రి వచ్చి, పాత షట్టరు ఎదురుగా నిలబడి, మూసి ఉండటం చూసి, అద్దాలవాళ్ళు చితికిపోయారని ఊరంతా చెప్పాడు. వెనక్కి తిరిగి చూసుంటే కొట్టు కనపడేది. ఆ మనిషి తప్పు కాదు, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. మోడలాయన ఎంత జరిపాడో అంత అంకెలకి కలుపుతున్నాడు, అటు ఎంత, ఇటు ఎంత, పైకి ఎంత. ఒక్కొక్కటీ కలిపి మీట నొక్కాడు. తెలుపు చెదిరింది. బూడిద రంగు గోడ అంచు వచ్చింది, తర్వాత మెట్లు, తర్వాత నీలంగా, నీళ్ళలాగా, తన అద్దాలు. వాటికి అడ్డంగా కింద సన్నటి పైపు, పైపు చుట్టూ చేత్తో గీసిన ఎర్రటి సున్నా. మేనేజరు ముందుకు వంగాడు. "మరీ నేలకి అతుక్కుని ఉందే చూపు. కొంచెం పైకి లేపండి" అన్నాడు, మోడలాయన చెయ్యి కదిలింది.

"లేపకండి సార్!" కోడలు లేచి నిలబడింది. "అది పిల్లల ఎత్తు. నర్సమ్మగారే దింపించారు. మీరంతా మీ ఎత్తు నుంచి చూస్తున్నారు, ఇది పిల్లల వార్డు అని, మీటింగు హాల్లోనే గొంతుక్కూర్చుని చూపించారు. పెద్దవాళ్ళ పైపు గోడ వైపుంది. అద్దం వైపుది పిల్లలకి."

ఎర్ర సున్నా పక్కన రాసి ఉంది. మోడలాయన చదివాడు, మెల్లగా, ఈసారి డాక్టరులా కాదు. ఒక చేతికి సెలైన్ ఉన్న పిల్ల రెండో చేత్తో పట్టుకుని దిగాలి, ఆ చెయ్యి అందాలి అని. దాని కింద అప్పటి ఇంజినీరు పేరు, సరే అని. పైపుల వాళ్ళు తర్వాత తమ ఫైలు మార్చి ఎప్పుడూ వేసే ఎత్తే వేసేశారని, ఆ మాట వాళ్ళకి చేరలేదని తేలడానికి ఇంకాస్త టైము పట్టింది, మేనేజరు వాళ్ళకి ఫోన్ చేసి ఇందాక ఆమె మీద వాడబోయిన గొంతు మొత్తం అక్కడ వాడుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, తల గోక్కుని, "అద్దాలు ఎక్కించేద్దామమ్మా. పైపుదేముంది, కొత్త బ్రాకెట్లు కొట్టిస్తా" అన్నాడు. "అదే నేనూ అనుకున్నా" అంది ఆమె, ఏమీ అనుకోకుండానే. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇంత బరువు మోస్తున్నానని తెలీనే లేదు, దించాక భుజాలు చెబుతున్నాయి.

క్రేను మొదటి పలకని పైకెత్తేసరికి ఎండ పక్కకి ఒరిగింది. రబ్బరు పట్టులకి అంటుకుని అద్దం గాల్లో తేలుతూ వచ్చింది, ఒక క్షణం అందులో ఆకాశం, మరుక్షణం సిమెంటు గోడ, ఆ తర్వాత అత్తాకోడళ్ళు ఇద్దరూ, పక్కపక్కన, హెల్మెట్లతో, రెండు పుట్టగొడుగుల్లా. పనివాళ్ళు దాన్ని గాడిలోకి దింపారు. చప్పుడు కాలేదు. సరిగ్గా కూర్చున్న అద్దం ఎప్పుడూ చప్పుడు చెయ్యదు. రంధ్రాలు రెండూ కింద, ఆమె తొడల దగ్గరికి, నల్లగా కళ్ళు తెరిచి చూస్తున్నాయి. నిజంగానే ఎంత కింద ఉన్నాయో. పైనుంచి చూస్తే ఎవరైనా తప్పే అంటారు, తనూ అనేదే. అద్దాన్ని ఎదురుగా నిలబడి చూడకే, నీ మొహం తప్ప ఏం కనపడదు, వంగి పక్కనుంచి చూడు అనేవాడు ఇంటాయన, ఎందుకనేవాడో.

"ఆ రోజు చూపిస్తానన్నావా?" అంది.

"చూపించబోయాను. బొమ్మలు నాకెందుకే అన్నారు."

"అన్నానా?"

"రోజూ అంటారుగా అత్తయ్యా, ఆ రోజు మాత్రం ఊరుకుంటారా?"

"మరి ఆ పేరు గుర్తులేదన్నావేం సార్‌తో?"

కోడలు గోడ కేసి చూసింది. అక్కడ గోడ లేదు, అద్దముంది, అందులో ఎర్రబడిన చెవులు కనపడ్డాయి ఇద్దరికీ. "ఎక్కడ నిలబడి చూశావో చూపించు అయితే ఇప్పుడు" అంది ఆమె. పిల్ల ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్ల మలుపు దగ్గరికి నడిపించి, అద్దానికి దగ్గరగా నిలబెట్టి, ఇక్కడే అంది. ఆమె చూసింది. మెట్లు, అద్దం, రంధ్రాలు. ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు.

"అలా నిటారుగా కాదు. వంగండి."

వంగింది. నడుము కలుక్కుమంది.

"ఇంకా."

"ఇంకా వంగితే లేవలేనే తల్లీ, క్రేను తెప్పించాలి."

"లేపడానికి నేనున్నాగా. కూర్చోండి."

ఆమె ఒక చెయ్యి కోడలి చేతిలో ఉంచి, మోకాళ్ళు పటపటమంటుండగా మెల్లగా, ఇంకా మెల్లగా కిందికి దిగి, నర్సమ్మ కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. తలెత్తితే మెట్లు కొండలా లేచి ఉన్నాయి. గోడ వైపు పెద్దవాళ్ళ పైపు ఎక్కడో ఆకాశంలో ఉంది. ఇటు మాత్రం, చాచనక్కర్లేకుండా, ఖాళీగా ఉన్న చెయ్యి వెళ్ళి నేరుగా ఆ రంధ్రాల దగ్గర ఆగింది.